పాత ల్యాప్‌టాప్‌లో ఏ లినక్స్ పెట్టుకోవాలి?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ కొని ఎనిమిదేళ్లు దాటింది. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10 వాడుతున్నాను. దానికి అప్‌డేట్లు ఆగిపోయాయట, విండోస్ 11కి ఈ మెషీన్ పనికిరాదట. మా తమ్ముడి కొడుకు "లినక్స్ పెట్టుకో అత్తా" అన్నాడు. అప్పట్నుంచి చదువుతూనే ఉన్నాను. ఒకరు ఉబుంటు అంటారు, ఒకరు మింట్, ఒకరు ఫెడోరా. ఆర్చ్ వాడనివాళ్లు లినక్స్ వాడినట్టే కాదని ఇంకొకాయన. చదివేకొద్దీ తికమక పెరిగింది తప్ప తగ్గలేదు. నా పనులు పెద్దవేం కావు: తెలుగులో వ్యాసాలు రాస్తాను, ఎక్సెల్‌లో ఖర్చుల లెక్కలు చూసుకుంటాను, వీడియో కాల్స్, సినిమాలు, అప్పుడప్పుడూ ప్రింట్లు. పదిహేనేళ్ల ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి, అవి పోతే నేను తట్టుకోలేను. నల్ల తెర మీద ఏవేవో టైప్ చేయడం నా వల్ల కాదు. ఏది పెట్టుకోమంటారు? విండోస్‌ను కూడా పక్కన ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు ఫొటోల సంగతి. పదిహేనేళ్ల ఫొటోలు ఒకే ఒక్క హార్డ్‌డిస్క్‌లో, అందులోనూ ఎనిమిదేళ్లుగా తిరుగుతున్న డిస్క్‌లో ఉన్నాయంటే, మీరు లినక్స్ పెట్టినా పెట్టకపోయినా అవి ఇప్పటికే ప్రమాదంలో ఉన్నట్టు. మిగతా జవాబు తర్వాత చదవండి, ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వాటిని కాపీ చేయండి. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, అక్కడక్కడా కొన్ని ఫోల్డర్లు తెరిచి, ఫొటోలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో కళ్లారా చూడండి. "కాపీ అయిపోయింది" అన్న మాటను నమ్మి ఊరుకుని, తర్వాత సగం ఫోల్డర్లు ఖాళీగా కనిపించి లబోదిబోమన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఫొటోలతో పాటు డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లు, బ్రౌజర్‌లో దాచుకున్న బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు కూడా బయటికి తీసుకోండి. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్లను చాలామంది మర్చిపోతారు.

ఇంకొక్కటి. విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉందేమో (రెండూ డిస్క్‌లోని సమాచారానికి వేసే తాళాలే) చూడండి. ఉంటే దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్‌లోనే ఫైల్‌గా దాచుకుంటే అవసరమైనప్పుడు అది తాళం లోపల ఉండిపోతుంది.

ఇక మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. మీ మెషీన్‌కి లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ర్యామ్ 8 జీబీకి పెంచుకోగలిగితే అదే మింట్‌లో సినమన్ ఎడిషన్. ఏ డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలను అలా అంటారు) అన్న ప్రశ్న మీద ఇంతకన్నా ఎక్కువ కాలం పెట్టకండి. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అది అన్నిటికన్నా చిన్న ప్రశ్న. మీ పనుల్లో ఏవి లినక్స్‌లోకి రావు, మీ ల్యాప్‌టాప్‌లోని వైఫై, మైకు, ప్రింటర్ దానితో పనిచేస్తాయా అన్నవే అసలు తేల్చుకోవలసినవి. ఆ రెండూ సరిపోతే ఏది పెట్టినా గట్టెక్కుతారు, సరిపోకపోతే ఎంత గొప్ప డిస్ట్రో అయినా పది రోజుల్లో మళ్లీ విండోస్ దగ్గరికే వెళ్లిపోతారు.

పేర్ల గందరగోళం మాత్రం వాటి చుట్టరికం తెలిస్తే చాలావరకు విడిపోతుంది. ఎవరైనా వాడుకోవడానికి, లోపల ఏముందో చదువుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి వీలుండే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. కావలసిన సరంజామా చాలావరకు తయారైంది గానీ, హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే కెర్నల్ దగ్గర పని ఆగిపోయింది. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ ఆ లోటు తీర్చింది. దీని లైసెన్స్ ఎవరైనా తీసుకుని తమకు నచ్చినట్టు మలిచి పంచిపెట్టడానికి ఒప్పుకుంటుంది కాబట్టి, తలా ఒక రకం తయారుచేశారు. 1993లో డెబియన్ మొదలైంది. దాని మీద కట్టుకుంటూ 2004లో ఉబుంటు వచ్చింది. ఉబుంటు మీద కట్టుకుంటూ 2006లో మింట్ వచ్చింది. అంటే మింట్ డెబియన్‌కి మనవడి వరస. ఉబుంటు వాడేవాళ్లకోసం ఎవరో రాసిన పరిష్కారం చాలాసార్లు మీకూ పనికొస్తుందన్నది ఈ చుట్టరికం వల్ల మీకు ఒరిగే లాభం. ఫెడోరా రెడ్ హ్యాట్ అండతో నడిచే వేరే ఇల్లు, ఆర్చ్ ఇంకో ఇల్లు. లోపల కెర్నల్ అన్నిట్లో అదే, బ్రౌజర్ అదే, ఆఫీస్ ప్యాకేజీ అదే. మీ కంటికి కనిపించే తేడా ప్రధానంగా రెండు చోట్ల ఉంటుంది: తెర అమరికలో, అప్‌డేట్లు వచ్చే తీరులో.

తెర అమరిక విషయానికొస్తే, 2011లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ తన మూడో వెర్షన్‌లో పాత మెనూలన్నీ తీసేసి పూర్తిగా కొత్త రూపం ఎత్తింది. అది నచ్చనివాళ్లు బోలెడుమంది. ఆ అసంతృప్తిలోంచే మింట్ వాళ్లు సినమన్ చేసుకున్నారు. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అంతా విండోస్‌కి అలవాటుపడ్డ చేయి తడుముకోకుండా వెళ్లే చోటే ఉంటాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇంకా పాతది, 1996లో మొదలైంది, చూడ్డానికి కాస్త సాదాగా ఉంటుంది గానీ తక్కువ మెమరీ తింటుంది. మీకున్నది 4 జీబీ కాబట్టి మిగిలిన ప్రతి వంద ఎంబీ బ్రౌజర్‌కి అక్కరకొస్తుంది. అసలు ర్యామ్‌ను మింగేది ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా బ్రౌజరే. ఏది పెట్టినా ఒకేసారి ముప్పై ట్యాబులు తెరిస్తే 4 జీబీ మెషీన్ నీరసపడుతుంది.

అప్‌డేట్ల తీరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆర్చ్ గురించి మీకు చెప్పిన పెద్దమనిషి లాంటివాళ్లు ఇక్కడే దారి తప్పిస్తారు. ఆర్చ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ వంటివి రోలింగ్ రకం. ప్రతి ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ బయటికి రాగానే దాదాపు అప్పటికప్పుడు మీ దగ్గరికి వచ్చేస్తుంది. ఫెడోరా సుమారు ఆరు నెలలకోసారి కొత్త విడుదల చేస్తుంది, ఒక్కో విడుదలను పదమూడు నెలల దాకా చూసుకుంటుంది. మింట్ మాత్రం ఉబుంటు దీర్ఘకాలిక విడుదలల మీద కూర్చుంటుంది. ఇప్పటి 22 సిరీస్‌కి 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి. అప్పటిదాకా మీ మెనూలు ఉన్నచోటే ఉంటాయి, రంధ్రాలు మాత్రం పూడుతుంటాయి. కొత్తదే సురక్షితం అనుకోవడానికి లేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి దూర్చిన సంగతి బయటపడింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వుకుంటూ వెళితే దొరికింది. ఆ పాడు వెర్షన్ అప్పటికే టంబుల్‌వీడ్‌లోకీ, డెబియన్, ఫెడోరాల ప్రయోగ శాఖల్లోకీ చేరిపోయింది. స్థిరమైన విడుదలలు వాడుతున్నవాళ్ల దాకా రాలేదు. వ్యాసాలు, లెక్కలు, ఫొటోలు చూసుకునే మనిషికి కొన్ని నెలలు పాతబడిన సాఫ్ట్‌వేర్ వల్ల నష్టమేమీ లేదు.

ఉబుంటు చెడ్డదా అంటే కాదు. కానీ అది ఫైర్‌ఫాక్స్ లాంటివాటిని స్నాప్ అనే పద్ధతిలో అందిస్తుంది, పాత హార్డ్‌డిస్క్ మీద అవి తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. మింట్ 2020 నుంచి స్నాప్‌ను మూసిపెట్టే ఇస్తోంది. డెబియన్ బంగారం లాంటిది గానీ మొదటిసారి పెట్టుకునేవాళ్లకు మింట్ చూపించినంత చొరవ చూపించదు. ఇంట్లో కుర్రాళ్లు ఎవరైనా కాలీ లినక్స్ పెడదామంటే మాత్రం ససేమిరా అనండి. అది భద్రతా పరీక్షలు చేసేవాళ్ల పనిముట్ల పెట్టె. రోజువారీ డెస్క్‌టాప్ కోసం వెతికేవాళ్లకు తగదని వాళ్ల సొంత డాక్యుమెంటేషనే చెబుతోంది.

ఇప్పుడు మీ పనులు. లెక్కల ఎక్సెల్ ఫైళ్లు మింట్‌తో పాటే వచ్చే లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటాయి. మామూలు సూత్రాలు, మొత్తాలు, చార్టులు సరిగ్గానే వస్తాయి. మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా ఎక్సెల్‌లో రాసే ఆదేశాలు) రాసుకుని ఉంటే వాటిలో కొన్ని మొరాయిస్తాయి. ఎవరైనా పంపిన వర్డ్ ఫైల్‌లో పేజీలు అటూ ఇటూ జరిగితే, అది తరచు ఫాంట్ల వల్లే. కాలిబ్రి, కాంబ్రియా మైక్రోసాఫ్ట్ సొత్తు. వాటి బదులు కార్లిటో, కలాడియా అనే ఉచిత ఫాంట్లు ఉన్నాయి, అక్షరాల వెడల్పులు సరిగ్గా వాటి కొలతలకే చేసినవి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి అవి లేకపోతే వేసుకోండి, పేజీలు చాలావరకు కుదురుకుంటాయి. వీడియో కాల్స్‌లో జూమ్‌కి లినక్స్ యాప్ ఉంది, గూగుల్ మీట్, టీమ్స్ బ్రౌజర్‌లోనే నడుస్తాయి. సినిమాలకు వీఎల్‌సీ ఉంది. స్ట్రీమింగ్ సైట్లు కూడా ఆడతాయి, కాకపోతే కొన్ని లినక్స్ బ్రౌజర్లకు పూర్తి హెచ్‌డీ ఇవ్వవు.

రానివి కూడా నిక్కచ్చిగా తెలుసుకోండి. కంప్యూటర్‌లో వేసుకునే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ రాదు, బ్రౌజర్‌లో నడిచే దాని వెర్షన్ వస్తుంది. ఫొటోషాప్, ఆటోక్యాడ్ రావు. వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొన్ని విండోస్ ప్రోగ్రాములను నడపవచ్చు గానీ, రోజూ అన్నం పెట్టే పనిని దాని మీద ఆధారపడి నడపమని ఎవరికీ చెప్పను. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. అయినా ఒక వారం పాటు మీరు ల్యాప్‌టాప్‌లో తెరిచే ప్రతి ప్రోగ్రామ్ పేరూ ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. ఏడాదికోసారి తెరిచే ప్రోగ్రామే ఎక్కువగా దెబ్బ తీసేది, అది ఉత్తరం రాసేటప్పుడు గుర్తుకు రాదు.

తెలుగు టైపింగ్ గురించి విడిగా చెప్పాలి, మీరు చెప్పిన పనుల్లో మొదటిది అదే కాబట్టి. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే అక్షరాల ప్రమాణం) తెలుగు చదవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. రాయడానికి ఐబస్ అనే ఇన్‌పుట్ వ్యవస్థ, దానికి జతగా ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డుతో పాటు, ఆంగ్ల అక్షరాలు కొడుతుంటే తెలుగు పడే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు కూడా దొరుకుతాయి. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేరిస్తే చాలు. పోతన, వేమన ఫాంట్లు తెలుగు ఫాంట్ల ప్యాకేజీలోనే దొరుకుతాయి. మీరు ఇప్పటిదాకా ఫోన్‌లో లాగా పదాలను ఊహించి చూపించే పద్ధతికి అలవాటుపడి ఉంటే మాత్రం మొదటి వారం చేతులు కట్టేసినట్టు ఉంటుంది, ఓపిక పట్టండి. పాత వ్యాసాలు అను ఫాంట్లలో ఉన్నాయా? అయితే ఆగండి. అవి యూనికోడ్ కావు, అను ఫాంట్ లేనిచోట తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. విండోస్ చేతిలో ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి దాచుకోండి.

విండోస్‌ను పక్కన ఉంచుకోవచ్చా అని అడిగారు. ఒకే డిస్క్‌ను రెండు భాగాలు చేసి రెండూ పెట్టుకోవడం సాధ్యమే, లక్షలమంది చేస్తున్నారు. మీకు మాత్రం వద్దంటాను. డిస్క్‌ను కుదించి విభజించే ఆ ఒక్క ఘట్టంలోనే ఫొటోలు పోయే అవకాశం ఉంటుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఆ భాగంలోకి లినక్స్ నుంచి రాయడం కుదరదు. ఇటు నుంచి అటు మారినప్పుడల్లా గడియారం కొన్ని గంటలు అటూ ఇటూ జరుగుతుంది, ఎందుకంటే మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ అంతర్జాతీయ సమయంగా చదువుతుంది. పైపెచ్చు 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ దెబ్బకి ఇలా రెండూ పెట్టుకున్న చాలామంది మెషీన్లలో లినక్స్ మొదలవడమే మానేసింది. వీటన్నిటికీ మందులున్నాయి. కానీ నల్ల తెర జోలికి పోనన్న మనిషిని ఆ మందుల వెంట తిప్పడం నాకిష్టం లేదు.

దీనికన్నా చక్కని దారి ఒకటుంది. ఇప్పుడున్న హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకండి. ఒక 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చాలా వేగమైన డిస్క్) తీసుకుని, పాత డిస్క్‌ను ఊడదీసి ఆ స్థానంలో బిగించుకోండి. 240 జీబీది అయినా మీ పనులకు చాలు. ఎనిమిదేళ్ల నాటి హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి వెనక మూత తీస్తే నాలుగైదు స్క్రూలతో పని అయిపోతుంది. చేయి తిరగకపోతే రిపేరు తెలిసినవాళ్ల చేత పెట్టించుకోండి. లినక్స్‌ను ఆ కొత్త ఎస్‌ఎస్‌డీలో వేసుకుంటారు. పాత డిస్క్, విండోస్‌తో, ఫొటోలతో, అన్నిటితో ఎలా ఉన్నది అలాగే సొరుగులో ఉంటుంది. నచ్చకపోతే తిరిగి అదే బిగిస్తే మీ పాత ల్యాప్‌టాప్ మీకు వచ్చేస్తుంది. నచ్చితే ఆ డిస్క్‌ను యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డిస్క్‌ను యూఎస్‌బీతో తగిలించే పెట్టె)లో పెట్టి ఫైళ్లు తెచ్చుకోవచ్చు. ముందు చేసుకున్న కాపీతో కలిపి ఫొటోలకు రెండు చోట్ల ఉనికి ఉంటుంది. ఇక వేగం సంగతి చెప్పనక్కర్లేదు. హార్డ్‌డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే కలిగే తేడా ముందు, ఈ డిస్ట్రో తేలిక ఆ డిస్ట్రో బరువు అన్న చర్చలన్నీ దిగదుడుపే. మీ చేతిలో కొంత ఖర్చుకి వీలుంటే ముందు ఎస్‌ఎస్‌డీకి, తర్వాత ర్యామ్‌కి పెట్టండి.

మూత తీయడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది: ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ను నడిపి చూడటం. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. మింట్ అధికారిక సైట్ నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ ఐఎస్‌వో ఫైల్ (ఇన్‌స్టాల్ చేయడానికి కావలసినవన్నీ ఉండే ఒకే ఫైల్) దింపుకోండి, సుమారు మూడు జీబీ ఉంటుంది. దింపాక చెక్‌సమ్ (ఫైల్ అసలైనదేనని తేల్చే అక్షరాల వరస) సరిచూడమని అక్కడ రాసి ఉంటుంది, అందరూ దాటేస్తారు. మీరు దాటేయకండి. 2016 ఫిబ్రవరిలో దుండగులు మింట్ సైట్‌లోకే చొరబడి, దొంగదారి పెట్టిన నకిలీ ఐఎస్‌వోకి లింకు మళ్లించారు. పని కష్టమేం కాదు: విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకుంటే ఒక పొడుగాటి వరస వస్తుంది, అది సైట్‌లో ఇచ్చిన వరసతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలిస్తే రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఐఎస్‌వోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అది అడిగే ప్రశ్నలకు ముందే ఎంచి పెట్టిన జవాబులనే ఉండనివ్వండి.

ల్యాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ కొట్టాలి. లెనోవో, డెల్ వాటిలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసర్‌లో ఎఫ్12 గానీ దాన్ని బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే తెరిచే మూల సెట్టింగ్స్‌లో) ముందు అనుమతించాల్సి రావచ్చు. విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండిపోతే ఈ కీ పట్టుకోదు, అందుకని షట్‌డౌన్‌కి బదులు రీస్టార్ట్ నొక్కి ప్రయత్నించండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉన్నా మింట్ మామూలుగా మొదలవుతుంది. ఒకవేళ బయోస్‌లో దాన్ని ఆపాల్సి వస్తే, తర్వాత విండోస్ బిట్‌లాకర్ కీ అడగొచ్చు. కాగితం మీద రాసుకోమన్నది అందుకే.

ఇలా తెరుచుకున్న మింట్ మీ డిస్క్‌ను ముట్టుకోదు, పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, అందుకే నెమ్మదిగా ఉంటుంది. ఆ నెమ్మదిని చూసి తీర్పు చెప్పకండి. అద్దె ఇంట్లో దిగే ముందు ప్రతి నల్లా తిప్పి, ప్రతి స్విచ్చు వేసి చూసుకున్నట్టు ఇక్కడ అన్నీ చూసుకోండి. వైఫై కలుస్తుందా? ఒక వీడియో పెట్టి శబ్దం వినండి. బ్రౌజర్‌లో వీడియో కాల్ పెట్టి మైకు, కెమెరా అవతలివాళ్లకు పనిచేస్తున్నాయో అడగండి. తెర వెలుతురు పెంచే తగ్గించే కీలు, టచ్‌ప్యాడ్‌తో రెండు వేళ్ల స్క్రోలింగ్, ఇయర్‌ఫోన్స్, బ్లూటూత్. మూత మూసి ఒక నిమిషం ఆగి తెరవండి, నిద్రలోంచి లేస్తోందా? ఎక్కువమంది మర్చిపోయే పరీక్ష ఇదే, ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. తర్వాత ప్రింటర్. ఈ మధ్య కాలపు వైఫై ప్రింటర్లు చాలావరకు ఏ డ్రైవరూ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అడగకుండానే కనిపిస్తాయి, హెచ్‌పీ వాటికి మద్దతు బాగుంటుంది, విండోస్‌కి మాత్రమే డ్రైవర్ ఇచ్చే చవక మోడళ్లు కొన్ని అసలు కదలవు. మీ మెషీన్ ఎనిమిదేళ్లది కావడం ఇక్కడ మీకు కలిసొస్తుంది. మార్కెట్లోకి నిన్న వచ్చిన ల్యాప్‌టాప్ కన్నా పాతదానికి డ్రైవర్లు ఎప్పుడో కెర్నల్‌లో చేరిపోయి ఉంటాయి. వైఫై కనిపించకపోతే బెంబేలెత్తకండి: ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ కావలసిన డ్రైవర్‌ను తెచ్చుకుంటుంది. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు తరచు ఇదే మందు.

ఈ పరీక్షలన్నీ గట్టెక్కాక ఎస్‌ఎస్‌డీ బిగించి, అదే పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కండి. మిగతాది మీరు భయపడినంత ఉండదు. భాష, కీబోర్డు అడుగుతుంది. మల్టీమీడియా కోడెక్‌లు (పాటలు, వీడియోలు ఆడటానికి కావలసినవి) వేయాలా అంటే వేయమనండి. డిస్క్ మొత్తం తుడిచి ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగినప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే లోపల ఉంది కాబట్టి నిశ్చింతగా అవుననవచ్చు. ఎక్స్‌టర్నల్ డిస్క్ మాత్రం ఆ సమయంలో తగిలించి ఉంచకండి. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలా అన్నదానికి నా సలహా: ల్యాప్‌టాప్ ఇల్లు దాటదంటే వద్దు, బయట తిప్పుతారంటే చేయండి, కానీ ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే లోపలున్నది ఎవ్వరూ తీసివ్వలేరు.

మొదటిసారి తెరుచుకున్నప్పుడు ఒక స్వాగత విండో వస్తుంది. దాన్ని మూసేయకుండా వరసగా చేసుకుపోండి. టైమ్‌షిఫ్ట్ అన్నిటికన్నా ముఖ్యం. సిస్టమ్ ఉన్న స్థితిని ఫొటో తీసినట్టు దాచి, ఏదైనా అప్‌డేట్ పాడుచేస్తే వెనక్కి తీసుకెళుతుంది. అయితే అది మీ సొంత ఫైళ్లను దాచదు, ఆ పని ఎక్స్‌టర్నల్ డిస్క్‌దే. అప్‌డేట్ మేనేజర్ తెరిచి ఉన్నవన్నీ వేయండి, డ్రైవర్ మేనేజర్ ఏమైనా సూచిస్తే వేయండి, ఫైర్‌వాల్ ఆన్ చేయండి. యాంటీవైరస్ కోసం వెతకక్కర్లేదు.

నల్ల తెర గురించి. మీరు చెప్పిన పనులకు దాని అవసరం రాకుండా ఏళ్లు గడిచిపోవచ్చు. ప్రోగ్రాములన్నీ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోంచే వేసుకోండి. ఏదో సైట్‌కి వెళ్లి ఎక్జీ ఫైల్ దింపి రెండుసార్లు నొక్కే పాత అలవాటు ఇక్కడ పనిచేయదు. ఇంటర్నెట్‌లో ఏ సమస్యకి వెతికినా "ఈ వరస కాపీ చేసి టెర్మినల్‌లో వేయండి" అన్న సలహాలే ఎక్కువ కనిపిస్తాయి. అవి చెడ్డవని కాదు, పనులు చెప్పడానికి అదే దగ్గరి దారి. కానీ సుడో అని మొదలయ్యే వరస మొత్తం సిస్టమ్ మీద అధికారం తీసుకుంటుంది. అది ఏం చేస్తుందో పక్కన మాటల్లో రాసి ఉంటేనే, మీకు అర్థమైతేనే వేయండి. మీ మేనల్లుడికి కూడా ఈ నియమం చెప్పండి. అవతలివాళ్ల కంప్యూటర్ మీద కుర్రాళ్లకు చేయి దురద ఎక్కువ.

మొదటి నెల రోజులు రంగులు, థీమ్‌లు, కొత్త డెస్క్‌టాప్‌ల జోలికి పోకండి. మీ రోజువారీ పనులు మాత్రమే చేయండి, ఇబ్బంది పెట్టినవి ఒక కాగితం మీద రాసుకోండి. నెల తర్వాత ఆ కాగితం మీద మిగిలినవి చిన్న చిరాకులైతే పాత డిస్క్‌ను ఎన్‌క్లోజర్‌లోకి మార్చుకోండి. తప్పనిసరి పని ఏదైనా ఆగిపోయి ఉంటే మొహమాటపడకుండా పాత డిస్క్‌ను వెనక్కి బిగించుకోండి. కానీ అప్‌డేట్లు లేని ఆ విండోస్‌తో బ్యాంకు పనులు, మెయిళ్లు చేయకండి. ఆ ఆగిపోయిన పనికి మాత్రమే దాన్ని వాడుకుని, నెట్ అవసరమైనవన్నీ వేరే మెషీన్‌లో చూసుకోండి.

మింట్ ఎక్కించిన ఆ పెన్‌డ్రైవ్‌ను చెరిపి వేరే పనికి వాడకండి. ఎప్పుడైనా ల్యాప్‌టాప్ మొదలవకపోతే దానితోనే తెరిచి, లోపలున్న ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు, టైమ్‌షిఫ్ట్‌ను కూడా దానిలోంచే నడపవచ్చు. మీద ఒక చీటీ అంటించి, బిట్‌లాకర్ కీ రాసిన కాగితంతో పాటు ఒకే కవరులో పెట్టుకోండి.